ఇంట్లో ఎవరెవరున్నారు?

నిన్న ఉదయం పదీ నలభైకి నా ఎడమచేతికి సూది పెట్టారు. రక్తం తక్కువగా ఉందని విజయవాడలో ఇనుము మందు ఎక్కించుకుంటున్నాను. పాతికేళ్ళు కూడా నిండని నర్సు సీసా తగిలించి, మంచం పక్కన, మందు ఎంత వేగంగా పోవాలో చూసుకునే చిన్న యంత్రం మీద అంకెలు నొక్కి, "కదలకండి ఆంటీ, గంట పడుతుంది" అని చెప్పి వెళ్ళిపోయింది. యంత్రం సన్నగా చప్పుడు చేస్తూ పని మొదలుపెట్టింది. చేతి మీద స్పిరిట్ ఆరుతున్న చల్లదనం, ఆ వాసన. నర్సుగా నా ఉద్యోగమంతా ఆ వాసనలోనే గడిచింది. అయినా నిన్న ఆ వాసనకు ఒక్క గదే గుర్తొచ్చింది. తిరువూరులో ఒక వరండా చివరి గది. ఆ గదిలో కూర్చునే కరుణమ్మ సిస్టర్ చనిపోయి అప్పటికి పద్దెనిమిది రోజులు.

ఆవిడను పొగడాలని ఇది రాయడం లేదు. పొగిడితే ఆవిడకు నచ్చేది కాదు. ఒక పనిని ఆవిడ ఎలా చేసేవారో, అలా చేసినందుకు ఏం పోగొట్టుకున్నారో చూసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకు రాస్తున్నాను.

డెబ్బైల మధ్యలో నేను నర్సింగు పూర్తి చేసి తిరువూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మాది గంపలగూడెం పక్కన పల్లె. నాన్న మిషన్ బడిలో పంతులు. ఆసుపత్రి అంటే ఆరు మంచాలు, కాన్పుల గది, కట్లు కట్టే గది, ముందు పొడుగాటి వరండా, దాని చివర ఇంజక్షన్ల గది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ గడియారం, కిరసనాయిలు పొయ్యి మీద సిరంజిలు మరగబెట్టే స్టీలు పెట్టె. అప్పటి సిరంజిలు గాజువి. సూదులు మొండివైతే రాయి మీద నూరుకుని మళ్ళీ వాడేవాళ్ళం. రెండు కుర్చీల్లో ఒకటి రోగిది, రెండోది కరుణమ్మ సిస్టర్‌ది. ఆవిడకు అప్పటికి నలభై దాటాయి. పొట్టి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. పధ్నాలుగేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని అదే పని చేస్తున్నారు.

ఆ రోజుల్లో మా వైపు కాల్షియం ఇంజక్షన్ మీద జనానికి గొప్ప గురి. నాట్లు అయ్యాక, పత్తితీత అయ్యాక, జ్వరం పడి లేచాక, "బలం సూది" కావాలని వచ్చేవాళ్ళు. ఆ మందు నరానికి వేగంగా ఎక్కిస్తే ఒళ్ళు ఒక్కసారి వేడెక్కుతుంది. గొంతులో మొదలై ఛాతీ మీదుగా అరికాళ్ళ దాకా దిగుతుంది. ఆ వేడే బలమని అందరూ నమ్మేవారు. వేడి పుట్టకపోతే మందులో నీళ్ళు కలిపారనుకునేవారు. అసలు సంగతి ఏమిటంటే ఆ మందు గుండె మీద పనిచేస్తుంది. వేగంగా పోస్తే గుండె కొట్టుకోవడం తడబడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. ఒక్క సిరంజి మందుకు పది నిమిషాలు తీసుకోవాలని మాకు పాఠంలో చెప్పారు. కానీ వరండాలో ఇరవైమంది కూర్చుని చూస్తుంటే పది నిమిషాలు ఎవరు తీసుకుంటారు? బస్టాండు వెనక సూదిమందులిచ్చే ఒకాయన అర నిమిషంలో ముగించేవాడు. ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళు చెమట తుడుచుకుంటూ, తృప్తిగా బయటికి వచ్చేవాళ్ళు.

కరుణమ్మ సిస్టర్ పది నిమిషాలూ తీసుకునేవారు. నేను చేరిన వారంలోనే చూశాను. రామకోటయ్య గారని మామిడితోటల రైతు, మాటకారి మనిషి, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపారు. ఆవిడ సూది పెట్టి, నరం ఉబ్బడానికి దండకు కట్టిన రబ్బరు గొట్టం విప్పి, సిరంజి వెనక బొటనవేలు ఆనించి, "ఇంట్లో ఎవరెవరున్నారు?" అన్నారు.

"నేనూ, మా ఆవిడా, ఇద్దరు మగపిల్లలూ."

"పేర్లు చెప్పండి."

"పేర్లెందుకు సిస్టరమ్మా, రేషన్ కార్డు ఇప్పిస్తావా?"

"కార్డు నా చేతిలో లేదు. పెద్దవాడి పేరేంటి?"

ఆయన చెప్పారు. చిన్నవాడి పేరు, వాడు ఏ తరగతి తప్పాడో, భార్య పుట్టిల్లు ఏ ఊరో, చివరికి రెండు గేదెల సంగతీ చెప్పారు. ఆ మాటలన్నీ అయ్యేసరికి సిరంజిలో మందు అయిపోయింది. ఆవిడ దూది అదిమి మోచెయ్యి మడిచారు.

"అయిపోయిందా? నాకేం తెలియలేదే. మందు పోశావా, మా వంశం రాసుకున్నావా?"

"రెండూ చేశాను."

"ఒళ్ళు వేడెక్కలేదు."

"ఎక్కకూడదు."

"మరి బలం?"

"ఇంటికెళ్ళి పప్పూ, గుడ్డూ తినండి. అదే వస్తుంది."

వరండాలో అందరూ నవ్వారు. రామకోటయ్య గారూ నవ్వారు. మరుసటి వారం ఆయన బస్టాండు వెనక సందులోంచి మోచెయ్యి మడుచుకుని రావడం చూశాను.

అలా చాలామంది వెళ్ళిపోయారు. డాక్టరు గారు చెడ్డమనిషి కాదు. వైద్యం తెలిసినవారే. కానీ గది ఖాళీ అవుతుంటే ఎన్నాళ్ళని ఊరుకుంటారు? ఒకరోజు నేను పక్కనే సిరంజిలు కడుగుతుండగా ఆవిడతో అన్నారు. "సిస్టర్, మీరు చేసేది తప్పని నేననను. కానీ జనం వేడి అడుగుతున్నారు."

"అడిగింది వడ్డించడానికి ఇది హోటలు కాదు కదండీ."

"హోటలైతే ఎప్పుడో మూసేసేవాణ్ణి. రెండు నిమిషాల్లో ఇవ్వండి చాలు. అర నిమిషంలో ఇమ్మనడం లేదుగా."

"పది పడుతుందండి."

డాక్టరు గారు "దసరా దాకా చూస్తాను. అప్పటికి ఈ గదిలో జనం కనపడకపోతే కుర్చీ ఎస్తేరుకిస్తాను. మీరు కట్ల గదికి వెళ్దురుగాని" అన్నారు. ఎస్తేరు నేనే. నన్ను ఎందుకు తీసుకున్నారో నాకు అప్పుడు అర్థమైంది. ఉదయం ఆవిడ, మధ్యాహ్నం నేను అని ఆ రోజే గంటలు పంచారు.

నాకు ఇరవై రెండేళ్ళు. చెయ్యి చురుకైనది. ఒక్క నిమిషంలో ఇచ్చేదాన్ని. నెల తిరక్కుండానే మధ్యాహ్నాలు వరండా నిండింది. పొద్దున వచ్చినవాళ్ళు కూడా గదిలోకి తొంగి చూసి, కరుణమ్మ సిస్టర్ కనబడితే "చిన్నమ్మాయి వచ్చాక వస్తాం" అని వెనక్కి పోయేవారు. నన్ను "వేడి సిస్టరు" అన్నారు. ఆ పేరు విని సంతోషించానని ఒప్పుకోవాలి. వేగంగా ఇవ్వకూడదని నాకు తెలుసు. కానీ నాలుగు నెలల్లో ఎవరికీ ఏమీ కాలేదు. విస్సన్నపేట దారిలోని పల్లె నుంచి నాట్లకు వచ్చే నాగమ్మ అనే కూలిమనిషి మాత్రం ఒకసారి కుర్చీలోనే కళ్ళు తేలేసింది. రెండు నిమిషాలకు తేరుకుని, "మంచి గట్టి మందు నర్సమ్మా" అని మెచ్చుకుని వెళ్ళింది. ఆ సంగతి నేనే గొప్పగా కరుణమ్మ సిస్టర్‌కి చెప్పాను.

రెండు రోజుల తర్వాత భోజనాలయ్యాక, వరండాలోకి ఇంకా ఎవరూ రాకముందు, ఆవిడ గదిలోకి వచ్చి రోగి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపారు.

"నాకు కాల్షియం ఇవ్వు."

"ఒంట్లో బాగాలేదా సిస్టర్?"

"బాగానే ఉంది. నాగమ్మకి ఇచ్చినట్టే ఇవ్వు. అంతే వేగంగా."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు కూడా. పెద్దావిడ మాట కాదనలేక సిరంజిలోకి మందు లాగి, చేతికి గొట్టం కట్టి, సూది పెట్టాను. నరం వెంటనే దొరికింది. గొట్టం విప్పి బొటనవేలు ఆనించాను. వేలు ముందుకు వెళ్ళలేదు. నాకు ఆ చెయ్యి తెలుసు. మణికట్టు దగ్గర సిరంజిల పెట్టె ఆవిరికి కాలిన మచ్చ తెలుసు. ఇందాక భోజనాల దగ్గర ఆ చెయ్యే తన క్యారేజీలోంచి నాకు గోంగూర పచ్చడి వేసింది. ఆవిడ నా ముఖం వైపే చూస్తున్నారు.

"ఆగావేం? ఎవరికీ ఏమీ కాలేదన్నావుగా."

"మీకు ఏమన్నా అయితే..."

"నా గుండె వాళ్ళ గుండెకంటే మెత్తనా?"

మెల్లగా ఇవ్వడం మొదలుపెట్టాను. సిరంజి మీది గీతలు ఒక్కొక్కటే దాటుతూ, మధ్యమధ్య ఆగి, ఆవిడ ముఖం చూసుకుంటూ ఇచ్చాను. నాకు చెమటలు పట్టాయి. ఆవిడ కదల్లేదు. మందు అయిపోయాక తనే దూది తీసుకుని అదుముకున్నారు.

"ఎంతసేపు పట్టింది?"

గడియారం చూశాను. "పన్నెండు నిమిషాలు."

"నాగమ్మకి?"

"ఒకటి."

"నాగమ్మ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"తెలీదండి."

"మా ఇంట్లో?"

"మీ అమ్మగారు. మీ తమ్ముడు శామ్యూలు గారు. మరదలు. వాళ్ళ ఇద్దరాడపిల్లలు."

"అదీ సంగతి," అని లేచి, నా చేతిలోంచి సిరంజి తీసుకుని కడగడానికి వెళ్ళారు.

ఆ ప్రశ్న కాలక్షేపానికని అంతవరకూ అనుకున్నాను. మాట్లాడుతూ ఉంటే గొంతులో తేడా వెంటనే తెలుస్తుందని, మాట తడబడితే చెయ్యి ఆపాలని కూడా ఆవిడ తర్వాత చెప్పారు. కానీ అసలు కారణం నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఎదుటి మనిషి ఇల్లు తెలిశాక బొటనవేలు తొందరపడదు.

ఆ రోజు నుంచి నేనూ పేర్లు అడగడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలూ పల్చబడ్డాయి. "చిన్నమ్మాయికీ ఆ జబ్బు అంటించింది పెద్దావిడ" అని వరండాలోనే అన్నారు. డాక్టరు గారు ఇద్దరినీ పిలిచారు.

"ఇద్దరూ కలిసి నా ఆసుపత్రికి తాళం వేయిస్తారా?"

"ఆ అమ్మాయినేం అనకండి. నేర్పింది నేను," అన్నారు కరుణమ్మ సిస్టర్.

"దసరా అయిపోయింది సిస్టర్."

"తెలుసండి. కట్ల గది తాళంచెవి ఇవ్వండి."

అంతకుమించి వాదన జరగలేదు. ఒక్క మాట తగ్గితే ఆ కుర్చీ ఆవిడకే ఉండేది. రెండు నిమిషాలు కాకపోయినా అయిదు నిమిషాలంటే డాక్టరు గారు ఒప్పుకునేవారు. ఆవిడ తగ్గలేదు. సాయంత్రం గదిలో తన సామాను తీసుకుంటూ, "నిన్ను కూడా తీసేస్తానంటే ఏం చేస్తావు?" అని నన్ను అడిగారు. "మా ఊరు వెళ్ళిపోతానండి, అంతేగాని ఒక్క నిమిషంలో ఇవ్వను" అన్నాను. ఆవిడ తల ఊపి కుర్చీ తుడిచి నా వైపు జరిపారు. నన్ను తీసెయ్యలేదు. నర్సులు దొరకడం అప్పుడు అంత తేలిక కాదు. పధ్నాలుగేళ్ళు సూది పట్టిన మనిషి మర్నాటి నుంచి పుళ్ళు కడిగి కట్లు కట్టారు. గడ్డపార తగిలిన కాళ్ళు, బండి చక్రం కింద నలిగిన వేళ్ళు. ఆవిడ ముఖంలో తేడా ఏమీ కనబడలేదు. కానీ నా గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒక్కసారైనా లోపలికి చూసేవారు కాదు.

మరుసటి ఏడు తొలకరి వానలకు పల్లెల్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున పదకొండింటికి ఎడ్లబండి మీద నాగమ్మను తెచ్చారు. కళ్ళు గుంటలు పడ్డాయి. చేతి మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. డాక్టరు గారు కాన్పుల గదిలో కష్టమైన కాన్పు దగ్గరున్నారు. సెలైన్ పెట్టమని అక్కడి నుంచే చెప్పి పంపారు. నేను ఎంతో సేపు వెతికి నరం దొరకబుచ్చుకుని, గాజు సీసా స్టాండుకు తగిలించి, బొట్లు లెక్కపెట్టి సన్నగా పెట్టాను. తర్వాత ఆమె పక్కన కూర్చుని, "నాగమ్మా, ఇంట్లో ఎవరెవరున్నారు?" అన్నాను. ఆమె పెదవులు కదిలాయిగానీ మాట రాలేదు. ఓపికగా మళ్ళీ అడిగాను. ఒకప్పుడు ఈమెకు ఒక్క నిమిషంలో మందు కుమ్మరించాను, ఈసారి సరిగా చేస్తున్నానని నాలో నేను అనుకున్నాను కూడా.

కరుణమ్మ సిస్టర్ చేతిలో కట్లు కట్టే గాజుగుడ్డతో అటు వెళ్తూ గుమ్మంలో ఆగారు. లోపలికొచ్చి నాగమ్మ మణికట్టు పట్టుకున్నారు. నాడి దొరకలేదు. మోచేతి దగ్గర చూశారు. తర్వాత సీసా కింద పడుతున్న బొట్లు చూశారు.

"ఏం చేస్తున్నావు?"

"మెల్లగా ఎక్కిస్తున్నానండి."

"ఒంట్లో నీళ్ళు లేక మనిషి పోతోంది. మెల్లగా ఏంటి?"

ఆవిడ సెలైన్ గొట్టం మీది బిగింపు పూర్తిగా వదిలేశారు. బొట్లు ధార అయ్యాయి. స్టాండు ఎత్తు చాలదని నాగమ్మ మొగుణ్ణి పిలిచి, స్టూలు ఎక్కించి, సీసా అతని చేతికిచ్చి, తలపైకి ఎత్తి పట్టుకోమన్నారు. "దించావంటే ఊరుకోను" అన్నారు. నన్ను రెండో సీసా తెమ్మని, తను రెండో చేతికి సూది పెట్టారు. నేను సీసా మూత ఊడదీసేలోపే ఆవిడకు నరం దొరికింది. ఇంజక్షన్ల గది వదిలి ఎనిమిది నెలలైంది ఆవిడకు. ఆవిడ అంత వేగంగా కదలడం అంతకుముందు నేను చూడలేదు. మూడో సీసా సగమయ్యేసరికి మణికట్టు దగ్గర నాడి వేలికి తగిలింది. ఆవిడ నా వేళ్ళు తీసుకుని అక్కడ పెట్టారు. అప్పుడు బిగింపు కొద్దికొద్దిగా తగ్గించారు.

"నేను నీకు మెల్లగా ఇవ్వమని ఎప్పుడు చెప్పాను?"

ఆలోచించాను. నిజమే, ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు.

"మనిషిని చూసి ఇవ్వమన్నాను. ఒకరికి పది నిమిషాలు, ఒకరికి ధార. నువ్వు ఇవాళ నన్ను చూసి ఇచ్చావు, ఆమెను చూడలేదు."

అంత మాట ఆవిడ నన్ను మళ్ళీ అనలేదు. అనాల్సిన అవసరం నేనూ రానివ్వలేదు.

మధ్యాహ్నం మూడింటికి నాగమ్మ కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. కరుణమ్మ సిస్టర్ చెంచాతో పోస్తూ, "ఇంట్లో ఎవరెవరున్నారు నాగమ్మా?" అన్నారు.

"మీ నర్సులకి ఇదేం గోలమ్మా," అంది నాగమ్మ నీరసంగా. తర్వాత చెప్పింది. ముందు అత్త పేరు. మొగుడి పేరు చెప్పమంటే అతని వైపు చూసి సిగ్గుపడింది. ఆ తర్వాత ముగ్గురు పిల్లల పేర్లూ చెప్పింది. మూడో పేరు దాకా మాట తడబడలేదు. ఆవిడ చెంచా కింద పెట్టారు.

నాగమ్మ మొగుడు భుజం రుద్దుకుంటూ, "నా చెయ్యి పడిపోయింది సిస్టరమ్మా. నాక్కూడా ఒక బలం సూది పడెయ్యండి" అన్నాడు.

"వేస్తాను. పది నిమిషాలు పడుతుంది."

"అమ్మో, అయితే వద్దులెండి."

డాక్టరు గారు కాన్పుల గదిలోంచి వచ్చి ఖాళీ సీసాలు చూశారు, మంచం మీద మనిషిని చూశారు. వారం తర్వాత ఆవిడను పిలిచి, మీ కుర్చీలోకి మీరు వచ్చెయ్యండి, ఎంతసేపైనా తీసుకోండి అన్నారు. ఆవిడ రానన్నారు. "అక్కడ అమ్మాయి ఉంది కదండీ. చాలు" అన్నారట. ఆ మాట డాక్టరు గారే నాకు చెప్పారు. జనం అందరూ తిరిగి రాలేదు. బస్టాండు వెనకాయన గదికి గిరాకీ తగ్గలేదు. రామకోటయ్య గారు మాత్రం ఒకరోజు వచ్చి, అక్కడ సూది వేయించుకుంటే కళ్ళకు చీకట్లు కమ్మాయని చెప్పి, నేను అడగకముందే పెద్దవాడి పేరుతో మొదలుపెట్టారు.

తర్వాత నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఊళ్ళు మారాను. నా కింద నేర్చుకున్న పిల్లలందరికీ ముందు ఆ ప్రశ్న నేర్పాను, తర్వాతే సూది ఇచ్చాను. కొందరు నవ్వారు. అలా నవ్విన వాళ్ళ ముందు చెయ్యి చాపి కూర్చున్నాను, రెండుసార్లు. ఇద్దరూ వేలు కదపలేకపోయారు.

రెండు నెలల కిందట తిరువూరు వెళ్ళాను. తమ్ముడి కూతురింట్లో కరుణమ్మ సిస్టర్ మంచం మీద ఉన్నారు. తొంభై దాటాయి. సెలైన్ పెట్టి ఉంది. నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు. చాలాసేపు సీసా వైపే చూసి, "ముసలి గుండెకి ఇది ఎక్కువ. తగ్గించు" అన్నారు. లెక్కపెట్టాను. ఎక్కువే. తగ్గించాను. నేను ఆవిడకు చేసిన ఆఖరి పని అదే.

నిన్న గంట అయ్యేసరికి యంత్రం కూత పెట్టింది. నర్సు వచ్చి సూది తీసి దూది అంటించింది. నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ యంత్రాన్ని తప్పుపట్టను. మా చేతులు ఎంత జాగ్రత్తగా ఉన్నా అంత సమంగా ఎప్పుడూ ఎక్కించలేదు. అది వచ్చాక ఎన్ని గుండెలు నిలబడ్డాయో నాకు తెలుసు. "ఇంట్లో ఎవరెవరున్నారమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసి, "అమ్మా, నేనూ, అంతే ఆంటీ" అంది. అప్పటికే పక్క మంచం మీద యంత్రం కూస్తోంది. వెళ్ళిపోయింది.

ఇప్పుడు సూది వేసేటప్పుడు ఇంట్లో వాళ్ళ పేర్లు ఎవరూ అడగడం లేదు.